రిజిస్టరు రాసిన చేతులు

హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాత తరం వాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు. 1915లో నిజాం సర్కారు అంటురోగాల కోసం పెట్టిన క్వారంటైన్ ఆసుపత్రి అది. క్వారంటైన్ అన్న మాట జనం నోట్లో నలిగి కోరంటి అయింది. 2020 మార్చిలో ఆ మాటే మళ్లీ మన ఊళ్లకు వచ్చింది. ఈసారి టీవీల ద్వారా, అసలు ఉచ్చారణతో వచ్చింది కాబట్టి మన పాత కోరంటే ఇదని చాలామందికి తోచలేదు. మా నిర్మల్ వైపు కలరాను గత్తర అంటారు. ఎవరి మీదన్నా కోపం వస్తే నీకు గత్తర తగల అని తిట్టే ముసలమ్మలు మా వాడలో ఇంకా ఉన్నారు. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన కాలం గురించి మాకు మిగిలిన చరిత్ర ఆ తిట్టు ఒక్కటే. దాన్ని దాచిపెట్టింది కూడా ఆడవాళ్లే.

మహమ్మారి వచ్చినప్పుడు ప్రభుత్వం ఏం చేసిందో తెలుసుకోవాలంటే దారి దొరుకుతుంది. ఉత్తర్వులుంటాయి, గెజిట్లుంటాయి, ఎన్ని టీకాలు వేశారు, ఎన్ని బస్తాలు పంచారు అన్న లెక్కలుంటాయి. ప్రభుత్వం ఇచ్చినదాన్ని ఇంటి గడప దాకా ఎవరు మోసుకొచ్చారు, ఇంట్లోకి వచ్చాక దాన్ని ఎవరు వండారు, రోగి పక్కన ఎవరు కూర్చున్నారు అన్న ప్రశ్నకు మాత్రం ఆ కాగితాల్లో జవాబు ఉండదు. నేను సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. ఎవరి మాట రాతలోకి ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అని వెతకడం నా చదువు నాకు నేర్పిన పని. ఆ పనినే ఈసారి ఒక నవల మీదనో కథల సంపుటి మీదనో కాకుండా మా జిల్లా మీద చేద్దామని ఈ ప్రయత్నం.

కొంచెం వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి. మన దేశంలో అంటురోగం వచ్చినప్పుడు ప్రభుత్వానికీ ప్రజలకూ మధ్య సంబంధం ఎలా ఉండాలో నిర్ణయించిన చట్టం 1897 ఫిబ్రవరిలో వచ్చింది. బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం హడావిడిగా చేసిన నాలుగు సెక్షన్ల చిన్న చట్టం అది. తనిఖీ చేసే, రోగిని విడదీసే అధికారం ఇచ్చింది గాని రోగికీ రోగి కుటుంబానికీ ప్రభుత్వం ఏం బాకీ ఉందో అందులో ఒక్క మాటా లేదు. పూనాలో ఆ అధికారం సైనికుల రూపంలో ఇళ్లలోకి వచ్చింది. వంటింటి దాకా, దేవుడి గది దాకా బూట్లతో నడిచింది. గజ్జల్లో, చంకల్లో గడ్డలున్నాయేమో చూడడానికి స్త్రీలను బయటికి పిలిచిన తీరు మీద ఊరంతా మండిపడింది. ఆ కోపంలో ఎంత భాగం ఆ స్త్రీల కోసం, ఎంత భాగం తమ ఇంటి పరువు కోసం అని మనం అడగవచ్చు. పూనా ప్లేగు ఆసుపత్రిలో స్త్రీలకు రక్షణ లేదని 1897లోనే పత్రికకు లేఖ రాసి ప్రభుత్వాన్ని నిలదీసినవారు పండిత రమాబాయి. ఇంటి పరువు ప్రస్తావన పక్కనపెట్టి నేరుగా స్త్రీ దేహం గురించి మాట్లాడిన గొంతు అది.

అదే ఊళ్లో అదే సంవత్సరం మార్చి 10న సావిత్రిబాయి ఫూలే చనిపోయారు. కొడుకు యశ్వంత్ నడిపిన చికిత్సా కేంద్రానికి ప్లేగు రోగులను చేరుస్తూ ఆ రోగమే తగిలి పోయారు. మన వైపుకు వస్తే, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసిన భండారు అచ్చమాంబ 1905లో, ముప్పై ఏళ్లకే చనిపోయారు. ప్లేగు రోగులకు సేవ చేస్తూ పోయారని ఆమె జీవితం గురించి రాసినవాళ్లు చెప్తారు. స్త్రీల చరిత్రను మొదటిసారి తెలుగులో ఒక చోట చేర్చినామె చావు మహమ్మారి చరిత్రలో ఎక్కడా కనిపించదు, సాహిత్య చరిత్రలో ఒక విషాద వాక్యంగా మాత్రం ఉంటుంది. వీళ్లిద్దరినీ త్యాగమూర్తులంటాం. ఈ మాట వాళ్లకు గౌరవమే, కాదనను. కానీ త్యాగం అన్న తర్వాత ఇక ఆ పనికి కూలి ఎంత, రక్షణ ఏమిటి, చనిపోతే ఇంటికి ఏం ఇస్తారు అని అడగడం కుదరదు. ఈ మాట ముందు ముందు అవసరపడుతుంది.

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చే ఓడల్లో బొంబాయిలో దిగి, రైలు దారుల వెంట లోపలికి నడిచింది. ఆ ఏడే వానలు పడక దక్కనులో కరువు. దేశంలో కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల మంది దాకా చనిపోయారని అంచనాలు. నిజాం రాష్ట్రం జనాభా 1911 లెక్కల్లో సుమారు 1 కోటి 33 లక్షల 70 వేలు. 1921 లెక్కలకు 1 కోటి 24 లక్షల 70 వేలు. పదేళ్లలో పెరగాల్సిన జనం తొమ్మిది లక్షలు తగ్గారు. ప్లేగు, కరువు, ఇన్‌ఫ్లుయెంజా మూడూ కలిసి చేసిన పని అది. 1905లో జిల్లాగా ఏర్పడిన ఆదిలాబాదులో నిర్మల్ అప్పుడొక తాలూకా. చుట్టూ అడవి, దవాఖాన అంటే దూరపు ముచ్చట.

ఆ ఇన్‌ఫ్లుయెంజా గురించి స్త్రీలుగా మనం తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. భారతదేశంలో అది మగవాళ్ల కన్నా ఆడవాళ్లను ఎక్కువగా చంపింది. ముఖ్యంగా ఇరవై నుంచి నలభై ఏళ్ల లోపు వాళ్లను. 1911లో దేశంలో వెయ్యిమంది మగవాళ్లకు 964 మంది ఆడవాళ్లుంటే 1921 నాటికి 955కు పడిపోవడంలో దీని పాత్ర కూడా ఉంది. చరిత్రకారులు రెండు కారణాలు చెప్తారు. కరువులో చివర తినేది, తక్కువ తినేది ఆడది. రోగికి దగ్గరగా కూర్చుని నీళ్లు పట్టేది, ఒళ్లు తుడిచేది, ఎత్తిపోసేది కూడా ఆడదే. అంటే సంరక్షణ అనే పనే వాళ్లను చంపింది. దవాఖాన లేని చోట ప్రతి ఇల్లూ దవాఖానే అయింది, ఇంట్లో ఆడమనిషి జీతం లేని నర్సు అయింది.

సర్కారు రాని చోట ఊరికి తనదైన ఏర్పాటు ఒకటి ఉండేది. దాని పేరు పోచమ్మ. నిర్మల్ పక్కన సారంగాపూర్ మండలంలో అడెల్లి పోచమ్మ గుడి ఉంది. ఏటా జాతరకు అమ్మవారి నగలను గోదావరికి తీసుకుపోయి కడిగి తెస్తారు. ఇంట్లో ఎవరికన్నా అమ్మవారు పోస్తే గడపకు వేపమండలు కట్టేవాళ్లు. ఆ ఇంటికి ఎవరూ పోకూడదు, ఆ ఇంట్లో పోపు పెట్టకూడదు, రోగిని చల్లగా ఉంచాలి. ఈ నియమాలను అమలు చేసేది ఇంటి పెద్ద ముసలామె. దీన్ని గొప్ప ప్రజారోగ్య వ్యవస్థ అని పొగడడం నాకు ఇష్టం లేదు, వేపమండలు మశూచిని ఆపలేదు. టీకా ఆపింది. కానీ గడప దగ్గర నిలబడి లోపలికి ఎవరు రావాలి, ఎవరు రాకూడదు అని చెప్పే బాధ్యత ఎప్పటినుంచి ఎవరి మీద ఉందో ఈ ఆచారం చెప్తుంది.

ఇక ఇప్పటి నిర్మల్‌కు వద్దాం. 2016 అక్టోబర్ 11న ఆదిలాబాద్ నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. కొయ్యబొమ్మలకు, బాసర సరస్వతికి పేరున్న చోటు. బయటివాళ్లకు తెలిసేది ఆ రెండే. 2011 జనాభా లెక్కలను ఇప్పటి సరిహద్దులకు సర్ది చూస్తే ఇక్కడ వెయ్యిమంది మగవాళ్లకు 1,046 మంది ఆడవాళ్లున్నారు. కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తెలంగాణలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ. ఆడపిల్లను బతకనిచ్చే జిల్లా అని మురిసిపోవచ్చు. కానీ ఉత్తర తెలంగాణ సంగతి తెలిసినవాళ్లకు ఇంకో కారణం కూడా వెంటనే తోస్తుంది. మగవాళ్లు దుబాయిలో, మస్కట్‌లో, సౌదీలో ఉన్నారు. ఇంటి దగ్గర ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. మా అమ్మ కూడా చుట్టింది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిబట్టలో కత్తిరించిన తునికాకు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. నేను యూనివర్సిటీ దాకా వచ్చింది ఆ వేల లెక్క మీదే.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ రాత్రి నుంచే తెలంగాణలో లాక్‌డౌన్. బీడీ కంపెనీలు మూతబడ్డాయి. టేకేదారు ఆకు ఇవ్వలేదు, తంబాకు ఇవ్వలేదు. గల్ఫ్‌లో పనులు ఆగిపోయి అక్కడినుంచి వచ్చే డబ్బు ఆగింది. మే 7 నుంచి విమానాలు నడిచినా టికెట్టు ఖర్చు, దిగాక క్వారంటైన్ ఖర్చు చాలామంది తామే పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంటికి రావడానికి కూడా అప్పు చేయాల్సిన స్థితి. నాగపూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి నిర్మల్ మీదుగానే పోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో హైదరాబాదు నుంచి ఉత్తరాదికి నడిచిన కూలీలు ఆ దారినే నడిచారు. వలస కూలీల కోసం దేశంలో మొదటి ప్రత్యేక రైలు మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అప్పటికి లాక్‌డౌన్ మొదలై నలభై రోజులు.

ఈ కాలంలో ప్రభుత్వం చేసినదాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. 1918తో పోలిస్తే అసలు పోలికే లేదు. మార్చి 22నే రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రతా కార్డున్న 87 లక్షల 59 వేల కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రకటించింది. మామూలుగా మనిషికి వచ్చేది 6 కిలోలు. వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యమో పిండో, 500 రూపాయలు. కేంద్రం జన్‌ధన్ ఖాతాలున్న స్త్రీలకు మూడు నెలలపాటు నెలకు 500 వేసింది. ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో ఒక పూట భోజనం చేసే గర్భిణులకు, బాలింతలకు కేంద్రాలు మూతబడడంతో సరుకు ఇంటికే పంపారు. ఊరి ధాన్యం ఊళ్లోనే కొనాలని నిర్ణయించారు. ఆ కొనుగోలు కేంద్రాల్లో చాలావాటిని నడిపింది ఐకేపీ మహిళా సంఘాలు. పంచాయతీలు వీధుల్లో బ్లీచింగ్ చల్లించాయి, రసాయనం కొట్టించాయి. కరువులో తిండి లేక, ఆ పైన రోగం వచ్చి పోవడం అనేది ఈసారి 1918లో లాగా జరగలేదంటే ఆ బియ్యం వల్లే. మా ఇంట్లోనూ ఆ రెండు నెలలు పొయ్యి మీద ఉడికింది ఆ బియ్యమే.

అయితే ఈ సాయమంతా ఒక మాట మీద ఆధారపడి నడిచింది. ఆ మాట కుటుంబం. కార్డు కుటుంబానికి, డబ్బు కుటుంబానికి, కిట్టు కుటుంబానికి. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీలలో పెద్దామెదే యజమాని స్థానం. కాగితం మీద ఇది మన ఉద్యమాలు సాధించిన విజయమే. కాగితం బయట కార్డు యజమానురాలు అంటే వరసలో నిలబడే మనిషి అని అర్థం. రేషను దుకాణం ముందు సున్నంతో గీసిన వలయాల్లో చెప్పులు పెట్టి నిలబడింది ఆడవాళ్లు. 500 పడ్డాయో లేదో చూసుకోవడానికి బ్యాంకు ముందు ఎండలో కూర్చుంది ఆడవాళ్లు. దూరం పాటించండి అని కసిరించుకున్నదీ వాళ్లే. పెళ్లై వచ్చి ఏళ్లవుతున్నా కోడళ్ల పేర్లు, వాళ్ల పిల్లల పేర్లు చాలా కార్డుల్లోకి ఎక్కలేదు. పుట్టింటి కార్డులో తీసేశారు, అత్తింటి కార్డులో చేర్చలేదు. వాళ్లు తింటున్న 12 కిలోలు లెక్కకు ఇంకొకరివి. భర్త వదిలేసి తల్లిగారింటికి వచ్చినామె ఏ కుటుంబం? కార్డు లేని ఒంటరి ఆడమనిషి ఏ కుటుంబం? కుటుంబం అన్న మాట ఇలాంటివాళ్ల దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంటుంది.

ఇంకొకటి. ఇంట్లో ఉండండి, క్షేమంగా ఉండండి అన్నారు. ఇల్లు అందరికీ క్షేమమైన చోటు అన్న నమ్మకం ఈ విధానం మొత్తానికి పునాది. లాక్‌డౌన్ మొదటి 25 రోజుల్లో జాతీయ మహిళా కమిషన్‌కు గృహహింస మీద 239 ఫిర్యాదులు వచ్చాయి. అంతకు ముందు 25 రోజుల్లో వచ్చినవి 123. ఇవి ఫోనూ ఇంటర్నెట్టూ చేతిలో ఉండి, పక్కన భర్త లేని నిమిషం దొరికిన స్త్రీలవి మాత్రమే అని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు గడప దగ్గరికి వద్దాం. 1897లో గడప దాటింది సైనికుడు. 2020లో గడప దాటింది ఆశా కార్యకర్త. ఈ తేడా చిన్నది కాదు. మార్చి మూడో వారంలో కరీంనగర్‌లో, విదేశాల నుంచి వచ్చిన బృందంలో కరోనా బయటపడినప్పుడు వాళ్లు తిరిగిన ప్రాంతమంతా సుమారు వంద బృందాలు ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు అడిగాయి. తర్వాత అన్ని జిల్లాల్లోనూ ఆ పద్ధతే సాగింది. ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి తిరిగొచ్చినవాళ్ల పేరు మీద దేశమంతా ముస్లింల మీద విషం కక్కుతున్న రోజులవి. మా జిల్లాలోని భైంసాలో అదే ఏడాది జనవరిలో మత ఘర్షణలు జరిగాయి. ఆ పొగ ఆరకముందే ఈ అనుమానాలు. అట్లాంటి వాడల్లో ఇంటి తలుపు కొట్టి, లోపల ఎవరికన్నా జ్వరముందా అని అడగడం ఎంత కష్టమో ఊహించుకోండి. లాఠీతో పోతే తలుపు తెరుచుకోదు. గర్భంతో ఉన్నప్పుడు రక్తపరీక్షకు వెంట తీసుకుపోయిన మనిషి, బిడ్డకు పోలియో చుక్కలు వేసిన మనిషి వచ్చి పిలిస్తే తెరుచుకుంటుంది. ఎన్నో ఏళ్లుగా ఆమె సంపాదించుకున్న ఆ నమ్మకాన్ని ప్రభుత్వం మహమ్మారి కాలంలో వాడుకుంది. దానికి ఏం చెల్లించింది?

ఆశా పథకం 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చింది. ఆ నియమాల ప్రకారం ఆమె అదే ఊళ్లో ఉండే స్త్రీ అయ్యుండాలి. పెళ్లయిన, లేదా భర్త చనిపోయిన, లేదా విడిపోయిన స్త్రీ, వీలైనంతవరకు 25 నుంచి 45 ఏళ్ల లోపు. ఊరి బిడ్డ పెళ్లి చేసుకుని వెళ్లిపోతుంది, ఊరి కోడలు ఎక్కడికీ పోదు అన్న లెక్క ఇందులో ఉంది. పితృస్వామ్యం కోడలికి వేసిన కట్టునే ప్రభుత్వం అర్హతగా రాసుకుంది. ఇక ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు. వచ్చేది జీతం కాదు, ప్రోత్సాహకం. 2015లో తెలంగాణ ఆశాలు మూడు నెలలకు పైగా సమ్మె చేశారు. 2017లో నెలకు 6,000 ప్రకటించారు, తర్వాత 7,500, ఆ తర్వాత 9,750 అయింది. కరోనా పనికి కేంద్రం నెలకు వెయ్యి రూపాయలు అదనంగా ఇస్తానంది. రోజుకు ముప్పై మూడు రూపాయలు చిల్లర.

2020 ఏప్రిల్‌లో, 123 ఏళ్ల నాటి ఆ పాత చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్సు తెచ్చారు. ఆరోగ్య సిబ్బంది మీద దాడి చేస్తే ఐదేళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు. మంచిదే. ఆమె మీద చెయ్యి ఎత్తినవాడిని శిక్షించడానికి ఆమె ఆరోగ్య సిబ్బంది. నెలాఖరుకు చెయ్యి చాపినప్పుడు మాత్రం ఆమె సేవకురాలు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. 2023 సెప్టెంబర్ చివర్లో తెలంగాణ ఆశాలు 18,000 నిర్ణీత వేతనం అడుగుతూ మళ్లీ సమ్మెలోకి దిగారు. సావిత్రిబాయి దగ్గర మొదలైన త్యాగం అన్న మాట ఇక్కడి దాకా వచ్చి ఎవరి పొట్ట కొడుతున్నదో ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టుకుంటే అర్థమవుతుంది.

2021 మేలో రెండో అల. మే 6న రాష్ట్రంలో ఇంటింటి జ్వర సర్వే మొదలైంది, మే 12న మళ్లీ లాక్‌డౌన్. ఆశా, ఏఎన్ఎం, అంగన్‌వాడీ, పంచాయతీ సిబ్బంది బృందాలుగా తిరిగి, లక్షణాలున్నవాళ్లకు పరీక్ష ఫలితం కోసం చూడకుండానే మందుల కిట్టు ఇచ్చారు. పట్నం దవాఖానల్లో మంచాలు దొరకని ఆ రోజుల్లో ఊళ్లో ప్రతి ఇల్లూ మళ్లీ దవాఖాన అయింది. తేడా ఏమిటంటే 1918లో ఆ ఇంటికి ఎవరూ రాలేదు, ఈసారి రోజు మార్చి రోజు ఒకామె వచ్చి వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టి చూసింది. ఇంట్లో చాకిరీ మాత్రం మారలేదు. కషాయం కాచింది, వేరే గిన్నెలు కడిగింది, వేరే గదిలో పడుకున్న మగనికి తలుపు దగ్గర పళ్లెం పెట్టింది ఆడమనిషే. ఆమెకే వస్తే వేరే గది లేదు, వండి పెట్టేవాళ్లూ లేరు. మా అమ్మకు జ్వరం వచ్చినప్పుడు పదిరోజులు పడుకోమని చెప్తే, పడుకుంటే బియ్యం ఎవరు కడగాలె అని అడిగింది. ఆ ప్రశ్నకు ఏ కిట్టులోనూ మాత్ర లేదు.

మా వాడ ఆశా కార్యకర్త నాకు వదిన వరస అవుతుంది. ఆమె ఆ రెండేళ్లు రాసిన రిజిస్టర్లు నాకు చూపించింది. పొడుగాటి అట్టబైండు పుస్తకాలు. స్కేలు పెట్టి గీసుకున్న గడులు. ఇంటి నంబరు, ఇంట్లో ఎంతమంది, బయటి ఊరి నుంచి ఎవరు వచ్చారు, జ్వరం, దగ్గు, ఆయాసం, షుగరు, బీపీ, గర్భిణి అయితే ఎన్నో నెల. పై అధికారులకు పోయేది ఈ గడుల మొత్తం. ఆ మొత్తమే జిల్లా లెక్క, రాష్ట్రం లెక్క అయింది. కానీ గడుల పక్కన ఖాళీ జాగాలో ఆమె తన కోసం రాసుకున్న మాటలు ఉన్నాయి. ఈమె ముందు తలుపు తీయదు, వెనక నుంచి పోవాలె. వీళ్ల కొడుకు మస్కట్‌ల ఉన్నడు, చెప్పొద్దన్నరు. మాత్రలు ముసలాయనకిచ్చింది, తను మింగలేదు. పై అధికారులు అడగని ఈ మాటలే నాకు అసలు చరిత్రగా కనిపించాయి. ఒక మనిషి ఇంకో మనిషిని రోగిగా కాకుండా, ఇంటిగా, బంధుత్వంగా, భయంగా చదివిన తీరు అందులో ఉంది. నవల చదివేటప్పుడు మనం వెతికేది ఇదే కదా!

ఈ రాతకు విలువ ఉందా అని అనుమానపడేవాళ్లు ఒక లెక్క చూడాలి. కరోనాతో చనిపోయినవారి కుటుంబాలకు 50,000 రూపాయల పరిహారం ఇవ్వడానికి 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆమోదం తెలిపింది. 2022 జనవరిలో ఆ కోర్టు ముందుకు వచ్చిన వివరాల ప్రకారం తెలంగాణలో అప్పటికి అధికారికంగా నమోదైన మరణాలు నాలుగు వేల లోపు. పరిహారం కోసం వచ్చిన దరఖాస్తులు 28 వేలకు పైగా. అప్పటికే ప్రభుత్వం ఒప్పుకుని డబ్బు ఇచ్చినవి 15 వేలకు పైగా. అంటే తాను ప్రకటించిన చావుల కన్నా మూడింతలకు మించి తానే పరిహారం ఇచ్చింది. మిగతా చావులు కాగితాలెక్కని చావులు. ఒక భార్య తన భర్త కరోనాతోనే పోయాడని నిరూపించుకోవడానికి పరీక్ష చీటీ, దవాఖాన చీటీ, మరణ ధ్రువపత్రం పట్టుకుని తిరగాలి. ఇంట్లో పోయినవాడికి దవాఖాన చీటీ ఎక్కడిది? అతనికి ఏ రోజు జ్వరం మొదలైందో, ఏ రోజు ఆయాసం వచ్చిందో చాలా ఊళ్లలో రాసి ఉన్నది ఒకే చోట. ఆశా రిజిస్టరులో.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో స్త్రీలు ఏం చేశారో వాళ్ల నోటే చెప్పించి రాతలో పెట్టారు. నలభై ఏళ్ల తర్వాత అడిగితే ఎంత జ్ఞాపకం ఉంటుందో అంతే దొరికింది. అంతకు ముందే ఎందరో వెళ్లిపోయారు. ఈసారి మనం నలభై ఏళ్లు ఆగాల్సిన పని లేదు. స్త్రీలు అప్పటికప్పుడు తమ చేత్తో రాసిన పుస్తకాలు ఇంకా అటకల మీద ఉన్నాయి. అయితే ఎక్కువ కాలం ఉండవు. చాలావాటికి చెదలు పడతాయి, కొన్ని పాత కాగితాలవాడికి పోతాయి. ఇప్పుడు సర్వేలు ఫోన్లలోకి మారుతున్నాయి. ఫోనులో గడులుంటాయి, గడుల పక్కన ఖాళీ జాగా ఉండదు.

అందుకని నా ప్రతిపాదన ఇది. ప్రతి మండలంలో ఈ రిజిస్టర్లను సేకరించి, రోగుల పేర్లూ ఇంటి నంబర్లూ దాచి, చదవడానికి వీలుగా భద్రపరచాలి. రోగం ఒకరి సొంత విషయం. దాన్ని బయటపెట్టే హక్కు చరిత్రకారులకు కూడా లేదు, కాబట్టి ఏది దాచాలో ఏది చూపాలో నిర్ణయించే చోట ఆశాలే కూర్చోవాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం స్త్రీలకు సగం స్థానాలు ఇచ్చింది. స్త్రీలు సర్పంచులుగా ఉన్న ఊళ్లలోనైనా పంచాయతీ తీర్మానంతో ఈ పని మొదలుపెట్టవచ్చు. పెత్తనం భర్తలది అయిన చోట కూడా సంతకం ఆమెదే కదా. యూనివర్సిటీల్లోని స్త్రీ అధ్యయన కేంద్రాలు, తెలుగు శాఖలు దీన్ని తమ పనిగా తీసుకోవాలి. రిజిస్టరు రాసినామెకు రాసిన పనికి డబ్బు ఇవ్వాలి, మాట్లాడిన రోజుకు కూలి ఇవ్వాలి. ఆమెను మనం కూడా సేవకురాలిగా చూస్తే ప్రభుత్వానికీ మనకూ తేడా ఉండదు.

రాష్ట్రం తన మహమ్మారి చరిత్రను రాసుకుంటుంది. అందులో 87 లక్షల 59 వేల కుటుంబాలుంటాయి, 12 కిలోలుంటాయి, 1,500 ఉంటాయి. ఉండాలి కూడా, ప్రజల డబ్బు ప్రజలకు చేరిన లెక్క అది. దాని పక్కన ఇంకో పుస్తకం కూడా ఉండాలని మనం పట్టుబట్టాలి. మా వదిన రిజిస్టరులో ప్రతి పేజీ అడుగున పర్యవేక్షణాధికారి సంతకానికి ఒక గీత ఉంది. రాసినామె పేరుకు ఎక్కడా జాగా లేదు. చదవడం మొదలుపెట్టేటప్పుడు ముందుగా అడగాల్సింది ఆ పేరే.